ముక్కు ముందు చోటు

మా ముందుగది గోడ మీద మా బావమరిది ఉండేవాడు. మనిషి కాదు లెండి, ఫోటో. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, మోటారుసైకిలు మీద కూర్చుని, గోడంత. నేను ఏ కుర్చీలో కూర్చున్నా నన్నే చూసేవాడు. నల్లద్దాలు కదా, చూడట్లేదని రుజువు చేయడానికీ వీల్లేదు.

ఆ గోడ మీద నేను తీసిన పిట్ట ఉండాలన్నది నా జీవితాశయం.

"ఫోటోల క్లబ్బు పోటీలో బహుమతి తెచ్చుకోండి, మా తమ్ముణ్ణి దింపేస్తాను," అంది మా ఆవిడ. "రాకపోతే మీ కెమెరా అటకెక్కుతుంది. మళ్ళీ దాని ఊసెత్తకూడదు."

"దింపాక వాణ్ణెక్కడ పెడతావు?"

"అది నేను చూసుకుంటాను లెండి."

తీరం పిట్టల్ని తీయాలంటే తెల్లారేసరికి ఇసుకలో బోర్లా పడుకోవాలి. సంచీ మోయడానికో మనిషి కావాలి. అంత పొద్దున్నే మా ఆవిడ ఎందుకు లేస్తుంది? అందుకని ఓ ఎర వేశాను.

"ఈసారి ఫోటోలో నువ్వూ ఉంటావోయ్."

"నిజంగా?" అంది. సముద్రంరంగు చీర కట్టుకుని నాకంటే ముందే గుమ్మంలో నిలబడింది.

ఆ పొద్దు ఎలా ఉందని చెప్పను! అలలు దూరంగా వెళ్ళిపోయి, తడి ఇసుక అద్దంలా పరుచుకుంది. పైన ఎంత ఆకాశముందో కిందా అంతే ఉంది. నీళ్ళు ఎక్కడ ఆగాయో, పొగమంచు ఎక్కడ మొదలైందో తెలియదు. నేను మోచేతుల మీద పాక్కుంటూ నిద్రలో నడిచినవాడిలా పిట్టల వెంట పోయాను. నేను మూరెడు పాకితే అవి బారెడు జరిగేవి.

మా ఆవిడ సంచీ పక్కన పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని నీటి అంచున కూర్చుంది. చూస్తూ చూస్తూ కలలోకి జారిపోయినట్టుంది, కదల్లేదు. నన్ను చూసి పారిపోయిన ఉల్లంకి పిట్ట ఒకటి చిన్నచిన్న అడుగులేసుకుంటూ ఆవిడ దగ్గరికే వచ్చి ఆగింది. నీళ్ళలో దాని నీడా ఆగింది. నేను మీట నొక్కాను.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే పిట్ట అద్భుతం. ఎడమవైపు మాత్రం మా ఆవిడ. పిట్టల పోటీలో పెళ్ళాలెందుకండీ? కత్తిరించడం మొదలుపెట్టాను.

చీర పోయింది, చెయ్యి మిగిలింది. చెయ్యి తీసేస్తే చెప్పులు మిగిలాయి. చెప్పులూ తీసేస్తే నీళ్ళలో ఆవిడ కొప్పు నీడ. అన్నీ పోయేసరికి పిట్ట ముక్కు వెళ్ళి ఫోటో అంచుకి గుద్దుకుంది. సరిచేద్దామని తోక కోశాను, తోక లేకపోతే బాగాలేదని కాళ్ళు కోశాను. మిగిలినదాన్ని పెద్దది చేస్తే కన్నున్న ఉల్లిపాయలా ఉంది.

"ఏమండీ, నేను బాగా వచ్చానా?" వంటింట్లోంచి కేక.

"బ్రహ్మాండంగా వచ్చావోయ్! పోటీ ప్రదర్శనలోనే చూద్దువుగాని."

మర్నాడు ఆఫీసు తొందరలో పెన్‌డ్రైవు ఆవిడ చేతికే ఇచ్చి, "ప్రింటు షాపులో ఇచ్చెయ్. నువ్వు మాత్రం చూడకు," అన్నాను. చూడమని గుర్తుచేసింది నేనే, నా తెలివి అలాంటిది.

ప్రదర్శన రోజున ఆవిడ మళ్ళీ ఆ సముద్రంరంగు చీరే కట్టుకుంది.

"అదే ఎందుకూ?"

"ఊరికే," అంది. ఉల్లిపాయను చూశాక ఏం చెప్పాలా అని దారంతా సాకులు వెతుక్కున్నాను.

హాల్లో నా పేరున్నచోట నిలబడి కళ్ళు నులుముకున్నాను. ఉల్లిపాయ లేదు. కత్తిరించని ఫోటో గోడ నిండా ఉంది. పొగమంచు, నీళ్ళు, ఓ పక్క పిట్ట, ఇంకో పక్క మా ఆవిడ.

క్లబ్బు అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. ఏ ఫోటోనైనా నోరు తెరవమన్నట్టు దగ్గరికొచ్చి చూస్తాడు. "అందరూ పిట్టను తీస్తారు, దాని ముక్కు ముందు చోటు వదలరు," అన్నాడు మైకులో. "పిట్ట ఎటు చూస్తే అటు చోటుండాలి. ఈయన చోటు వదలడమే కాదు, అది ఎవరిని చూస్తోందో కూడా చూపించాడు. మొదటి బహుమతి ఈయనకే!"

చప్పట్లు. నేను తల వంచుకున్నాను. అందరూ వినయమనుకున్నారు.

"ఇదెలా జరిగింది?" అని ఆవిడ చెవిలో గొణిగాను.

"షాపతను పెన్‌డ్రైవులో ఉన్న రెండు ఫోటోలూ తెర మీద పెట్టి, అమ్మా, ఈ ఉల్లిపాయ వెయ్యాలా, మీరున్నది వెయ్యాలా అన్నాడు. పోనీలే, మీరు గెలవాలి కదా అని మంచిది వేయించాను."

"కోపం రాలేదూ?"

"ఎందుకు రాదూ? అంతసేపు తడిలో కూర్చుంటే, అంత పొడుగు కెమెరాలోంచి మీకు నేను అడ్డంగా కనబడ్డాను. ఆ పిట్టే నయం, దానికి మనిషిలా కనబడ్డాను."

తలెత్తి ఫోటో చూశాను. పిట్ట చూపు తిన్నగా ఆవిడ మొహం మీదే ఉంది. ఎంత బాగుందండీ మా ఆవిడ! అన్నిసార్లు కోశాను గానీ ఒక్కసారీ చూడలేదు.

ఇప్పుడు ముందుగది గోడ మీద మా ఆవిడ ఉంది, పక్కన పిట్ట. వచ్చినవాళ్ళంతా "అమ్మగారి ఫోటో బాగుందండీ," అంటారు. పిట్ట సంగతి ఎవరూ ఎత్తరు. పందెం గెలిచింది మాత్రం నేనే, ఎవరైనా అడిగితే అలాగే చెప్పండి.

బావమరిదంటారా? అన్న మాట ప్రకారం దింపేసింది. తీసుకెళ్ళి నా కంప్యూటరు బల్లకి ఎదురుగా తగిలించింది. నేను ఏ ఫోటో కత్తిరించబోయినా నల్లద్దాల్లోంచి నన్నే చూస్తాడు, ఈసారి ఎవర్ని కోస్తున్నావు బావా, అన్నట్టు. నేను చెయ్యి వెనక్కి తీసుకుంటాను.