పరుగుకు ముందు ఫోను

తెల్లవారగానే టైలరు చేసే మొదటి పని బూట్లు తొడుక్కోవడం. రెండోది వీధి చివర పార్కుదాకా నింపాదిగా నడిచి, బెంచీ మీద కూర్చుని, భార్యకు ఫోను చెయ్యడం. ఆ తర్వాత పరిగెత్తాలి. అదొక్కటే ఆయన ఇంతవరకూ మొదలుపెట్టలేదు.

పరిగెత్తమన్నది డాక్టరు. పొద్దస్తమానం కుట్టుమిషను ముందు కూర్చునే మనిషికి పొట్ట రాక ఏమొస్తుందని మందలించి మరీ పంపించాడు. ఆ మందలింపే టైలరుకు కలిసొచ్చింది. ఎందుకంటే ఆయన భార్య వేరే ఊళ్లో ఆడపిల్లల హాస్టలుకు వార్డెను. ఉద్యోగం అక్కడికి మారి ఏడాది దాటింది. సెలవు పెట్టుకుని వస్తానంటుంది, సెలవు ఇచ్చేవాళ్లు ఇవ్వరు. మొదట్లో ఇద్దరూ ఫోనులో తెగ మాట్లాడుకునేవారు. రానురాను ఆ మాటలు "తిన్నారా?", "తిన్నాను", "సరే మరి, పిల్లల్ని లేపాలి" దగ్గరికొచ్చి ఆగిపోయాయి. ఫోను పెట్టేశాక కూడా ఆయన దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చునేవాడు. ఇంట్లో ఏ గదిలోకి వెళ్లినా ఏదో అడగడానికి వచ్చినట్టు ఉండేది, అడగడానికి మనిషి ఉండేది కాదు.

అలాంటిది, "పరిగెత్తే ముందు ఏమన్నా తినాలంటావా, వద్దంటావా?" అని ఒకరోజు ఊరికే అడిగాడు. ఆవిడ గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది.

"ఖాళీ కడుపుతో వెళ్తే కళ్లు తిరుగుతాయండీ. అరటిపండొకటి తిని వెళ్లండి."

మర్నాడు ఆయన తయారుగా ఉన్నాడు. "అరటిపండు తిన్నానే. డొక్కలో పోటు పట్టుకుంది."

"తినగానే పరిగెత్తేశారా ఏమిటి? కాసేపు ఆగొద్దూ?"

"కాసేపంటే ఎంతసేపు ఆగమంటావు?"

అక్కడినుంచి రోజుకో బాధ. ఒకరోజు పులితేన్పులు, ఒకరోజు కాళ్ల తిమ్మిరి. ఆవిడ ఒక్కోదానికీ విరుగుడు చెప్పేది, హాస్టల్లో గంట మోగేదాకా చెప్పేది. ఆయన బెంచీ మీద కాళ్లు బారచాపుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. అలా వింటున్నంతసేపూ ఆవిడ పక్కనే కూర్చున్నట్టు ఉండేది.

రుచి మరిగిన మనిషి ఉన్నదానితో ఊరుకుంటాడా? ఇంకో నాలుగు మాటలు ఎక్కువ వినాలన్న ఆశతో ఒకరోజు గొంతు నీరసంగా పెట్టి, "నిన్న తినకుండా పరిగెత్తానేమో, తూలి పడిపోయానే" అన్నాడు. ఆ రోజు గంట మోగినా ఆవిడ ఫోను పెట్టలేదు.

మర్నాడు ఆయన బూట్లు తొడుక్కుని తలుపు తీసేసరికి గుమ్మంలో వదినగారు ఉన్నారు. ఆయన భార్యకు స్వయానా అక్క, కాపురం పక్క వీధిలోనే. చేతిలో ఉడికించిన గుడ్ల గిన్నె, చంకలో రొట్టె.

"మా చెల్లి అంతా చెప్పింది. కూర్చోండి మరిదిగారూ. మీరు తినేదాకా నేనిక్కణ్ణించి కదలను."

"ఇప్పుడే తిన్నాను వదినగారూ."

"ఏం తిన్నారు? పొయ్యి వెలిగించిన జాడే లేదు."

వదినగారితో వాదించి నెగ్గినవాళ్లు ఆ కుటుంబంలో ఇంకా పుట్టలేదు. ఆయన గుడ్లు మింగుతుండగా పక్కింటి డ్రిల్లు మాస్టారు గోడమీంచి తొంగిచూశాడు. బడిలో పిల్లల్ని పరిగెత్తించడం చాలక ఆదివారాలు వీధిలోవాళ్లను కూడా పరిగెత్తించే మనిషి ఆయన.

"పరుగుకు ముందు తిండేమిటండీ? కొంప ముంచుకుంటారు."

"తినకుండా వెళ్లే మొన్న పడిపోయాడు," అన్నారు వదినగారు.

"తినే వెళ్లుంటాడు. అందుకే పడ్డాడు."

నేను పడనూ లేదు, అసలు పరిగెత్తనూ లేదు అని టైలరు ఒక్క మాట అంటే గొడవ తీరిపోయేది. కానీ ఆ మాట మధ్యాహ్నానికల్లా హాస్టలుకు చేరుతుంది, రేపటినుంచి ఫోను మళ్లీ "తిన్నారా" దగ్గరికి వస్తుంది. అందుకని ఆయన నోట్లో రొట్టెతోపాటు నిజాన్నీ మింగేశాడు.

తిన్నది అరగాలంటే రెట్టింపు పరిగెత్తాలని డ్రిల్లు మాస్టారు తీర్మానించాడు. రెట్టింపు పరిగెత్తే మనిషి రెట్టింపు తినాలి కదా అని వదినగారు రెండు అరటిపళ్లూ పెద్ద గ్లాసుడు పాలూ పట్టించారు. అలా ముందు ఈల ఊదుతూ మాస్టారు, వెనక మిగిలిన రొట్టెతో వదినగారు, మధ్యలో టైలరు. వీధి మలుపు తిరిగేసరికి కడుపులో సమస్తమూ గిర్రున తిరిగింది. ఆయన మొదట కూర్చున్నాడు, తర్వాత పడుకున్నాడు.

జనం మూగారు. వదినగారు చెల్లెలికి ఫోను చేశారు. "పడిపోయాడే. ఈసారి నా కళ్లముందే." కాసేపు విని, అందరితో, "బయల్దేరుతోందట" అన్నారు.

నేలమీద ఉన్న టైలరు అప్పటికి లేచి కూర్చోగలడు. ఆ మాట విని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

ఇక ఆ రోజంతా మంచమే. జబ్బు మనిషి కడుపు మాడ్చాలన్న విషయంలో వదినగారూ మాస్టారూ తొలిసారి ఏకమయ్యారు. మధ్యాహ్నానికి ఆయన ఒళ్లు శుభ్రంగా తేలికపడింది, ఆకలి దంచేస్తోంది. లేస్తే బాగయిందంటారు, బాగయిందంటే ఆవిడ దారిలోనే వెనక్కి తిరుగుతుందేమోనని భయం. గోడవైపు తిరిగి పడుకుని, వీధిలో ప్రతి అడుగు చప్పుడూ ఆవిడదేనేమోనని విన్నాడు. రాగానే ఏం చెప్పాలో ఆలోచించాడు, అన్నీ పిచ్చి మాటల్లాగే తోచాయి.

సాయంత్రం ఆవిడ వచ్చింది. జుట్టు రేగిపోయి, భుజాన సంచీతో గుమ్మంలో నిలబడి, "ఎలా ఉందండీ?" అని అడిగి, అలాగే గోడ పట్టుకుని కిందికి జారిపోయింది.

టైలరు మంచం మీంచి ఒక్క ఉదుటున దూకాడు. "మీరు లేవకూడదు మరిదిగారూ," అని వదినగారు అంటూనే ఉన్నారు. ఆయన భార్యను ఎత్తుకొచ్చి తన మంచం మీదే పడుకోబెట్టి, పంచదార నీళ్లు తాగించాడు. డాక్టరు వచ్చి చూసి, ఏమీ తినకుండా బస్సు వెంట పరిగెత్తడంవల్ల వచ్చిన నీరసమనీ, పదిరోజులు కదలకూడదనీ చెప్పి వెళ్లాడు.

వదినగారూ మాస్టారూ వంటింట్లో పాలా, గంజా అని తేల్చుకుంటుండగా, టైలరు మంచం పక్కన కూర్చున్నాడు.

"నేనసలు ఒక్కరోజూ పరిగెత్తలేదే."

"తెలుసు. పరిగెత్తినవాడికి ఆయాసం రావాలి కదా. మీ గొంతులో ఒక్కరోజూ వినలేదు."

"తెలిసీ అన్ని విరుగుళ్లు చెప్పావా?"

"లేకపోతే మీరు ఫోను పెట్టేస్తారు కదా."

ఆయన ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "మరి అక్కను ఎందుకు పంపావు?" అన్నాడు.

"నేను పంపలేదు. నవ్వుకుంటూ చెప్పాను. అక్క నవ్వలేదు. ఇవాళ మాత్రం నిజంగా పడిపోయారంటే ప్రాణం పోయిందండీ, బస్సులో కూర్చున్నట్టే గుర్తులేదు."

"నువ్వు లేకపోతే నాకు ఇల్లు ఇల్లులా ఉండదు," అన్నాడు టైలరు. పొద్దుటినుంచీ వెతుక్కున్న మాట అంత చిన్నదని ఆయన అనుకోలేదు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు పొద్దున టైలరు ఎవరూ తరమకుండానే వీధి ఈ చివరనుంచి ఆ చివరిదాకా పరిగెత్తాడు, ఇంట్లో ఇద్దరికి పాలు కావాలి.