అమరుడి ముసుగు

శామీర్‌పేటలోని మా సరోవర్ ఎన్‌క్లేవ్‌కు ఎట్టకేలకు సొంత అమరవీరుడు లభించాడని తెలియజేయుటకు సంతోషిస్తున్నాం. పక్క కాలనీకి ఈతకొలను ఉంది గానీ అమరుడు లేడు.

మా వెనక కుంటలో చేపలు పట్టుకునే మల్లేష్ ఒక ఉదయం, కుంటలో మట్టి పోయడానికి వచ్చిన టిప్పర్‌కు అడ్డంగా నిలబడ్డాడు. టిప్పర్ ఆగింది. డ్రైవర్ ఎవరికో ఫోన్ చేశాడు. తర్వాత బండిని అతని మీదికే పోనిచ్చాడు. అంతా మేం టీ కప్పులతో బాల్కనీల్లోంచి చూశాం. పోలీసులు వచ్చేసరికి మాత్రం అందరం లోపల ఇడ్లీలు తింటున్నాం. చూసినవాళ్ళెవరూ ముందుకు రాకపోతే ప్రమాదమని రాసి కేసు మూసేస్తామని వాళ్ళు మల్లేష్ తల్లి బాలనర్సమ్మకు చెప్పి వెళ్ళారు.

ఆమె ఇంటింటికీ తిరిగింది. కాలనీ చలించిపోయింది. సాక్ష్యం లాంటి చిన్న సాయంతో సరిపెట్టడం ఇష్టం లేక, ఏకంగా విగ్రహమే పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. కుంట పూడ్చి ప్లాట్లు వేస్తున్న పెద్దమనిషి సిమెంటు ఉదారంగా పంపించాడు. మల్లేష్‌కు ఎన్నడూ లేని బూట్లు విగ్రహానికి అమిరాయి.

సంస్మరణ సభలో కాలనీ అధ్యక్షులు రాజారావు గారు ప్రసంగించారు.

"మిత్రులారా! మార్టర్ అనే మాట గ్రీకు నుంచి వచ్చింది. అక్కడ దానికి అర్థం సాక్షి. షహీద్ అన్న మాటకూ అరబ్బీలో మూలం సాక్ష్యమే. కళ్ళారా చూసిన సత్యాన్ని ప్రాణం పోయినా చెప్పేవాడే అమరుడు!"

చప్పట్లకు షామియానా ఊగింది. బాలనర్సమ్మ లేచింది.

"మస్తు సెప్పినవ్ సారూ. ఆ పొద్దు నువ్వు గూడ బాల్కనీల ఉంటివి గద. జర ఠాణకొచ్చి గా ముక్క సెప్పరాదు?"

"చూడమ్మా, ఇది సభ..."

ఆమెకు తోడొచ్చిన ఇమాంబీ అందుకుంది. "పానం ఇయ్యమంటలేం సారూ. ఆటోల పోయి ఆటోల వద్దాం."

రాజారావు గారు వెంటనే అమరుడి గౌరవార్థం రెండు నిమిషాల మౌనం ప్రకటించారు. మౌనంలో మా కాలనీకి సాటి లేదు.

ఆవిష్కరణకు ఏ నాయకుడి తేదీ కుదరలేదు. ఆనవాయితీ ప్రకారం విగ్రహం తలకు గుడ్డ చుట్టి ఉంచాం. టిప్పర్లు దాని ముందు నుంచే తిరుగుతున్నాయి.

మొన్న పొద్దున బాలనర్సమ్మ వచ్చి ఆ గుడ్డ లాగేసింది. "మీరెట్లాగు సూడరు. నా కొడుకునన్న సూడనియ్యుండ్రి" అంది.

నాయకుడి చెయ్యి పడకుండానే ఆవిష్కరణ! కాలనీ భగ్గుమంది, ఫిర్యాదు వెళ్ళింది. ఇదంతా ఎవరైనా చూశారా అని పోలీసులు అడిగారు.

ఇడ్లీలు వదిలేసి అందరం కిందికి పరుగెత్తాం. ఆటోలు కూడా అవసరం పడలేదు, సొంత కార్లలోనే స్టేషన్‌కు వెళ్ళాం. రాజారావు గారిదే మొదటి సాక్ష్యం. మిగతావాళ్ళను వరసలో నిలబెట్టడానికి ఒక కానిస్టేబుల్‌ను వేయాల్సి వచ్చింది.