పెన్సిల్ పొట్టు పావడా విజయము

భోజనానంతర నిద్రాదేవి సమస్త విద్యార్థిలోకమును వశము చేసికొనుచుండ, మేడమీద, కిటికీ రెక్క సరిగా పడని ఆరవ తరగతి గదియందు, లెక్కల టీచరుగారు నల్లబల్లపై త్రిభుజమును గీయుచుండ, వెనుక బెంచీపై ఒక మహాసంగ్రామము మొదలయ్యెను. వినుడు!

ఆ బెంచీ వీరాంగనను తోటివారు పొట్టురాణి యందురు. ఏలయన, పెన్సిళ్ళు చెక్కగా రాలు పొట్టును పారవేయక, అట్టముక్కలపై తాను గీసిన బొమ్మలకు కుచ్చుల పావడాలుగా అంటించుటయే ఆమె నిత్యవ్రతము. పెన్సిళ్ళు రాసుకోవడానికా, తినడానికా అని తల్లి నిలదీయగా, "కుట్టడానికమ్మా" అని బదులిచ్చి మొట్టికాయ నందుకొనిన ధీర.

ఆనాడు అట్టపై మహారాణి సిద్ధమయ్యెను. పావడా చుట్టును కుచ్చులమరెను. ముందువైపు మాత్రము ఒక ఖాళీ, కోటగోడలోని గండివలె నోరు తెరచియుండెను. దానిని పూడ్చుటకు ఎఱ్ఱంచు గల పొట్టు, తెగనిది, ఒక్క చుట్టు కావలెను. ఆమె పెన్సిళ్ళన్నియు పూర్వయుద్ధములందే అరిగి, చిటికెనవ్రేలికంటె పొట్టివై, డబ్బాలో విశ్రమించుచుండెను. బడి విడువగానే పిల్లల బొమ్మలన్నియు గోడకెక్కును. చిరుగు పావడాతో మహారాణి కొలువు తీరుటయా?

పక్కనున్న క్లాసు లీడరు చేత సరికొత్త ఎఱ్ఱ పెన్సిలు మెఱయుచుండెను. వీరాంగన యాచించెను. లీడరు చాలసేపు బెట్టుచేసి, చివరకు కరిగెను. "చెక్కితే చెక్కు గానీ, మొన విరిగిందంటే మా అన్నయ్యకి నువ్వే చెప్పుకోవాలి."

అంతట ఆ వీరాంగన, షార్ప్‌నరు అనెడి దివ్యాయుధమును వామహస్తమున ధరించి, ఊపిరి బిగబట్టి, నాలుక కొనను పెదవుల నడుమ నిలిపి, మందమందముగా పెన్సిలును త్రిప్పెను. కిఱ్ఱుకిఱ్ఱుమని రణభేరి మ్రోగెను. పలుచని పొట్టు, అఖండమై, ఎఱ్ఱంచు తళుకులీన, విసనకఱ్ఱవలె విచ్చుకొనుచు వెలువడెను. మొన విరుగలేదు. లీడరు ఊపిరి పీల్చుకొనెను.

కాని విధి పైనుండి చూచుచుండెను, ఫ్యాను రూపమున. అంతవరకు కరెంటు లేక నిద్రించిన ఆ మూడు రెక్కల రాక్షసుడు హఠాత్తుగా మేల్కొని, ఒక్క విసురున పొట్టును లేపుకొనిపోయి, త్రిభుజమును దూరమునుండి చూచుకొనుటకై వెనుకకు అడుగువేయుచున్న టీచరుగారి చెప్పు క్రింద విడిచెను.

"కదలకండి టీచర్!"

తరువాతి కాలమున, నోట గుండుసూదులు కరచుకొని, నాటకాల రాజులను రాక్షసులను కొలతలకై బొమ్మలవలె నిలువబెట్టు దర్జీ కానున్న మన పొట్టురాణి కంఠము తొలిసారి మ్రోగినది ఆ మధ్యాహ్నమే. తరగతి స్తంభించెను. టీచరుగారు ఒంటికాలిపై కొంగవలె నిలిచిపోయిరి.

"ఏంటే, పామా?" అని మెల్లగా అడిగిరి.

"కాదు టీచర్. పావడా."

వీరాంగన బెంచీల క్రిందుగా ప్రాకి, గాలిలో నిలిచిన పాదము క్రిందినుండి పొట్టును రెండు వ్రేళ్ళతో, సీతాకోకచిలుకను పట్టినట్లు, ఎత్తుకొనెను. టీచరుగారు కాలు దించి, వెనుక బెంచీకి నడచి, అట్టను చేతికి తీసికొని తేరిపార చూచిరి. తరగతి యంతయు దెబ్బకై చెవులు రిక్కించెను.

"నడుం దగ్గర వదులుగా ఉంది. ఇంకో కుచ్చు మడిచి పెట్టు" అనిరి. "పెట్టాక బయట నిలబడు."

మడిచెను. అంటించెను. గండి పూడెను. పిదప వరండాలో, గమ్ముకు అతుక్కొనిన వ్రేళ్ళను ఊడదీసికొనుచు, గంట మ్రోగువరకు ఆమె జైత్రయాత్ర గావించెను. దిక్పాలకులారా, ఆలకింపుడు: ఒక పెన్సిలు పొట్టు, తెగక, నలగక, గోరంత మేర, అట్టరాణి పరువు నిలిపెను!