నిప్పు దగ్గర నాలుగో వరస

నిప్పంటుకున్నప్పుడు ముందుగా మాట్లాడాల్సింది నిప్పార్పేవాడు కాదు.

ఈ మాటకు మీరు నొసలు చిట్లిస్తారని తెలుసు. కానీ నిదానంగా ఆలోచించండి. నిప్పార్పేవాడి చేతులు ఖాళీగా ఉండవు. ముక్కుకీ మూతికీ తొడుగు ఉంటుంది. పొగలో కళ్లు మండుతుంటాయి. అలాంటి మనిషికి మాటలెందుకు? మాట్లాడే తీరికా, కూర్చునే కుర్చీ, చల్లటి గదీ ఉన్నవాళ్లకే కదా మాటల అవసరం?

అగ్నిమాపక శాఖవారు అత్యవసర సేవల కోసం కొత్తగా పెట్టుకున్న మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్ సరిగ్గా ఈ సూత్రం మీదే మొదలైంది. దాన్ని ఆడిపోసుకునేవాళ్ల నోరు మూయించడానికి నేను ఓవరమ్మ సంగతి చెబుతాను. వినండి.

ఓవరమ్మ ఆ శాఖ కంట్రోల్ రూమ్‌లో ఆపరేటరు. ఇరవై రెండేళ్లుగా వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని ప్రతి మాట చివరా, ఇక మీరు చెప్పండి అన్నట్టు, ‘ఓవర్’ అనడం వల్ల ఆవిడకు ఆ పేరు ఖాయమైపోయింది. ఇంట్లోనూ అంతే. "కూరలో ఉప్పు చాలలేదు, ఓవర్" అంటుంది భర్తతో. ఆయన వెంటనే పలక్కపోతే అవతల వినపడలేదేమోనని అదే మాట మళ్లీ చెబుతుంది.

ఆవిడ అల్లుడు అదే శాఖలో లీడింగ్ ఫైర్‌మన్. మండుతున్న ఇంట్లోకి జంకకుండా వెళ్లే మనిషికి అత్తగారి ఎదుట మాత్రం నోరు పెగలదు. భోజనం దగ్గర "ఇంకాస్త పెట్టనా బాబూ" అని అడిగితే తల ఊపుతాడు. ఆ ఊపు అవునో కాదో తెలియక ఆవిడ పెట్టేస్తుంది, అతను తినేస్తాడు. పెళ్లయిన ఆరేళ్లలో ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకున్నదంతా వైర్‌లెస్ మీదే.

"కంట్రోల్, రెండో అంతస్తులో పొగ. పెద్దాయన్ని దించుతున్నాం."

"మెట్లు తడిగా ఉంటాయి. చూసి దిగండి, ఓవర్."

అత్తాఅల్లుళ్ల మధ్య ఇంతకన్నా ఆప్యాయత ఎక్కడ చూశారు మీరు?

ఇలా ఉండగా కొత్త నెట్‌వర్క్ వచ్చింది. పాత సెట్టులో గరగర తప్ప ఏముంది? కొత్త హ్యాండ్‌సెట్టులో మాట వస్తుంది, మ్యాపు వస్తుంది, మంట బొమ్మ కదులుతూ వస్తుంది. అన్నిటికన్నా గొప్ప సంగతి ఇంజనీరు చెప్పాడు. ఆయనది యాభై దాటిన వయసు. సర్వర్ల గది చలికి ఏడాది పొడుగునా జలుబు.

"ప్రమాదం జరిగిన చోట జనమంతా ఫోన్లు తీస్తారు కదండీ, లైను నిండిపోతుంది" అన్నాడాయన రుమాలు మడుస్తూ. "అప్పుడు ఈ నెట్‌వర్కు మామూలు జనాన్ని పక్కకి జరిపి మన వాళ్లకి దారిస్తుంది. మన వాళ్లలో ఎవరు ముందో మాత్రం మీరే ఒక జాబితా రాసివ్వాలి."

జాబితా! ఈ మాట చెవిన పడ్డాక ఏ ఆఫీసైనా కుదురుగా ఉంటుందా?

ఇంజనీరు రాసిచ్చిన చిత్తుప్రతిలో ఫైరింజన్ సిబ్బంది ఒకటో వరసలో ఉన్నారు. పాపం, ఆయనకి లోకం తెలియదు. ఆ కాగితం పై అంతస్తులో గదిగదికీ తిరిగి వచ్చేసరికి ఒకటో వరసలో పద్నాలుగు మంది అధికారులు చేరారు. రెండో వరసలో వాళ్ల ఆఫీసులు. మూడో వరసలో వాళ్ల డ్రైవర్లు. చెట్లు పడిపోవడం కూడా అత్యవసరమే గనక పార్కుల సూపరింటెండెంటు ఒకటో వరసలో చోటు సంపాదించాడు. నాలుగో వరసలో ‘క్షేత్ర సిబ్బంది, ఇతరులు’ అని ఉంది.

ఆ జాబితాను ఏడుసార్లు టైపు చేసింది ఓవరమ్మే. ఏడోసారి ఉండబట్టలేక డిప్యూటీ అధికారిని అడిగింది. "సార్, నిప్పు దగ్గరుండేవాళ్లు నాలుగో వరసేంటి సార్?"

"నిప్పు దగ్గరుండేవాడికి నిప్పు కనిపిస్తూనే ఉంటుంది కదమ్మా" అన్నాడాయన ఓపికగా. "కనిపించనిది మాకు. అందుకే ముందు మాకు కావాలి."

దీనికి మీ దగ్గర జవాబుందా? ఓవరమ్మ ఏడో ప్రతిని ఫైల్లో పెట్టేసింది. ఒకటో వరసవాళ్ల హ్యాండ్‌సెట్లకు బంగారు రంగు స్టిక్కర్లు అంటించారు, మధ్యలో పెద్ద ‘1’ అంకె. నాలుగో వరసకు బూడిద రంగు దొరికింది. పాత వాకీటాకీలన్నీ బ్యాటరీలు తీసి గోనెసంచుల్లో వేసి స్టోరుకు పంపేశారు. కొత్తది ఉండగా సొంత ఫోన్లెందుకని వాటిని స్టేషన్ అల్మారాలో పెట్టి వెళ్లాలని నియమం చేశారు. చూశారా, ఎంత పకడ్బందీగా ఉందో!

ప్రారంభోత్సవం ఉదయం పదకొండుకు. పై అంతస్తు హాల్లో పద్నాలుగు మందీ బంగారు స్టిక్కర్లతో కూర్చున్నారు. గోడ మీద పెద్ద తెర. స్టేషన్ ఆవరణలో ఉత్తుత్తి మంట వెయ్యడం, ఫైరింజన్ మీది పొడవాటి స్తంభం కొసనున్న కెమెరా దాన్ని హాల్లోకి పంపడం కార్యక్రమం.

పదకొండుకి పది నిమిషాలుండగా కింద కంట్రోల్ రూమ్‌లో ల్యాండ్‌లైను మోగింది.

"అమ్మా, నేను టైలర్ని మాట్లాడుతున్నా. మా షాపుకి ఎదురుగా పరుపుల గోదాం ఉంది. తలుపు సందుల్లోంచి నల్లగా పొగొస్తోంది."

ఓవరమ్మ చిరునామా, అతని ఫోన్ నంబరూ పుస్తకంలో రాసుకుంది. ఉత్తుత్తి మంట కోసం సిద్ధంగా ఉన్న బండి అసలు మంటకు బయల్దేరింది. అందులో అల్లుడున్నాడు.

పైన హాల్లో ఉత్సాహం రెట్టింపయింది. అసలు మంటే దొరికాక ఉత్తుత్తిది ఎవరికి కావాలి? గోడ మీద పెద్ద తెర ఉన్నా పద్నాలుగు మందీ ఎవరి హ్యాండ్‌సెట్టులో వాళ్లు వీడియో పెట్టుకున్నారు. దగ్గరగా చూస్తే పొగ ఎంత స్పష్టంగా ఉందని! ఒకాయన దాన్ని తన బావమరిదికి కూడా చూపించాడు.

హాలు నుంచి వైరు మీద వచ్చే అదే బొమ్మను కింద ఓవరమ్మ కూడా తన తెర మీద చూస్తోంది. అల్లుడూ, ఇంకో ఫైర్‌మనూ పైపు లాక్కుంటూ ముందు తలుపులోంచి లోపలికి వెళ్లారు. డ్రైవరు పంపు దగ్గర నిలబడ్డాడు. అప్పుడు ఆవిడకు గోదాం పైకప్పు కనిపించింది. వెనక వైపు రేకులు మధ్యలో చిన్న పళ్లెమంత గుంటపడ్డాయి. చూస్తుండగానే ఆ గుంట గంగాళమంత అయింది. కింది ఇనుప దూలం వంగిపోతోంది. లోపలున్నవాళ్లకు పొగ తప్ప ఏమీ కనిపించదు. బయటున్న డ్రైవరుకు గోడ అడ్డం.

ఆవిడ తన హ్యాండ్‌సెట్టు బటన్ నొక్కింది.

‘దయచేసి వేచి ఉండండి. మీకంటే ముందు పద్నాలుగు మంది ఉన్నారు’ అని వచ్చింది తెర మీద.

మళ్లీ నొక్కింది. ఎంత మర్యాద గల నెట్‌వర్కో చూడండి, రెండోసారీ ‘దయచేసి’ అనే అంది. మూడోసారీ అంతే. హాలుకున్న ఇంటర్‌కమ్ ఎత్తింది. ప్రచార అధికారి తీశాడు.

"సార్, పైకప్పు కూలిపోయేలా ఉంది. లోపల ఇద్దరున్నారు. మీరంతా ఒక్క నిమిషం వీడియోలు ఆపితే నేను వాళ్లతో మాట్లాడతాను."

ఆయన ఆ మాట హాల్లో చెప్పినట్టే వినపడింది. "ఆపండి, ఆపండి" అన్నారెవరో. హోదాలో పైవారు ఆపకుండా తాము ఆపితే అమర్యాద అని కిందివాళ్లు పైవాళ్ల వైపు చూశారు. కిందివాళ్లు ఉండగా తాము మొదలుపెట్టడమేమిటని పైవాళ్లు కిందివాళ్ల వైపు చూశారు. క్రమశిక్షణ గల శాఖలో ఇంతకన్నా ఏం ఆశిస్తాం?

ఓవరమ్మ ఇంటర్‌కమ్ పెట్టేసి పుస్తకం లాక్కుని టైలర్‌కు ఫోన్ చేసింది.

"మీవాళ్లు వచ్చేశారమ్మా, చక్కగా చేస్తున్నారు" అన్నాడతను.

"అన్నా, జాగ్రత్తగా విను. పంపు దగ్గర డ్రైవరున్నాడు కదా. కంట్రోల్ చెప్పిందని చెప్పు, పొడుగు హారన్ మూడుసార్లు కొట్టమను. అంతే చెప్పు. బయటికి రమ్మనే గుర్తది, లోపలివాళ్లకి అర్థమవుతుంది."

"చెప్తానమ్మా. కానీ తాడు కట్టారు. అటేపు ఎవర్నీ రానివ్వట్లేదు."

ఓవరమ్మ తెర మీద ఆ తాడు చూసింది. "నీ మెడలో టేపుందా?"

"ఎప్పుడూ ఉంటుంది."

"అది చేతిలోకి తీసుకుని సాగదీసి పట్టుకుని నడువు. కొలతలు తీసేవాణ్ణి ఎవరూ ఆపరు."

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది. ఆ తర్వాత కుట్టు మిషన్ ఆగిపోయిన షాపులో గోడ గడియారం టిక్కుటిక్కుమంది. ఆవిడ తెర వైపు చూసింది. మెడ వంచుకుని, రెండు చేతుల మధ్యా టేపు బిగించి ఒక బక్కపల్చటి మనిషి తాడు కింద నుంచి దూరాడు. కాపలావాడు దారిచ్చాడు కూడా.

ఫోన్లోంచి పొడుగు హారన్ వినపడింది. ఒకటి. రెండు. మూడు.

తలుపులోంచి ఒక మనిషి వచ్చాడు. రెండో మనిషి రాలేదు. పొగ వచ్చింది. మళ్లీ పొగే వచ్చింది. ఆ తర్వాత వంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ రెండోవాడు బయటపడ్డాడు. వాళ్లు బండి చేరేలోపు కప్పంతా ఒక్కసారిగా లోపలికి కూలింది.

పైన హాల్లో చప్పట్లు మోగాయి. ప్రదర్శనలో అదీ ఒక భాగమనుకున్నారు.

కొద్దిసేపటికి ఫోన్లో అడుగుల చప్పుడు, దగ్గు. "కంట్రోల్, ఇద్దరం బయటే ఉన్నాం. దెబ్బలేం లేవు." అల్లుడు మరోసారి దగ్గాడు. "భయపడ్డారా అత్తయ్యా?"

ఇంట్లో ఆరేళ్లుగా అడగని మాట అది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసి, "కాస్త. మంచినీళ్లు తాగు బాబూ, ఓవర్" అంది.

మూడో రోజుకు నివేదిక వచ్చింది. నెట్‌వర్కు నూటికి నూరుపాళ్లు విజయం. ఒకటో వరసలో పద్నాలుగు మందికీ వీడియో ఒక్క క్షణం కూడా ఆగలేదు. టైలరును మెచ్చుకుంటూ, అతనికోసం కొత్తగా ఐదో వరస పెట్టాలని సిఫారసు చేశారు.

ఓవరమ్మ ఆ నివేదిక టైపు చేసి, నేరుగా సర్వర్ల గదికి వెళ్లింది.

"జాబితా మార్చమంటే మారుస్తారా?" అంది.

"పద్నాలుగు సంతకాలు కావాలమ్మా" అన్నాడు ఇంజనీరు. "పద్నాలుగు మందీ కిందికి దిగుతామని సంతకం పెట్టాలి." రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని కాసేపు ఆగాడు. తుమ్ము రాలేదు. ఆలోచన వచ్చింది. "మిషను మాత్రం అంకెల్ని ఏ వైపు నుంచి లెక్కపెట్టాలో అడుగుతుంది. ఒకటి నుంచా, పెద్ద అంకె నుంచా అని."

"అంటే జాబితాలో అక్షరం కూడా మారక్కర్లేదా?"

"అక్షరం కూడా."

ఆవిడ ఒక చీటీ టైపు చేసింది: ‘నెట్‌వర్క్ లెక్కింపు దిశ సర్దుబాటు.’ పెద్దాఫీసరు బల్ల మీద పెట్టింది. ఆయన చదవకుండా సంతకం పెడతాడని మీరనుకుంటారు. కాదు, చదివాడు. రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి ఆవిడ వైపు చూశాడు. ఆయన కూడా ఒకప్పుడు పైపు లాగి వచ్చినవాడే.

"నా స్టిక్కరు అలాగే ఉంటుందా?" అన్నాడు.

"అలాగే ఉంటుంది సార్."

"మిగతావాళ్లవి?"

"అవీ ఉంటాయి సార్. బంగారు రంగే."

సంతకం పెట్టేశాడు.

ఇది జరిగి నాలుగు నెలలు. ఓవరమ్మ బటన్ నొక్కితే ఫైరింజన్ వెంటనే పలుకుతోంది. ఆవిడ కూడా ‘ఇతరులు’ లెక్కలో నాలుగో వరసే. ఐదో వరసవాడైన టైలరుకు వాళ్లకన్నా ముందే లైను దొరుకుతుందట, దాన్ని మాత్రం ఇంతవరకూ ఎవరూ గమనించలేదు.

ఇంత రహస్యం అచ్చులో పెడితే ప్రమాదం కాదా అంటారా? ఒకటో వరసవాళ్లు ఏ కాగితమైనా తాము పైనున్నారో లేదో చూసుకుని పక్కన పడేస్తారు. ఇంత కిందికి వచ్చి చదవరు. ఒకవేళ ఎవరైనా చదివితే, వారికి నాదొక మనవి. మీ తెర మీద మంట కదలకుండా ఆగిపోయి, మధ్యలో చిన్న గుండ్రం తిరుగుతూ కనిపిస్తే కోప్పడకండి, ఇంజనీరుకు ఫోన్ చెయ్యకండి. కాసేపు ఆ గుండ్రాన్నే చూస్తూ కూర్చోండి. ఎక్కడో ఎవరికో బయటికి రమ్మని చెబుతున్నారన్నమాట.