హేజల్‌నట్ పొట్టు, పెద్దసారు కోటు

ఆ ఉదయం పొట్టు మాస్టారు వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. లేవగానే పొట్టు ఉడకేయాలి. ఆ రంగునీళ్ళను పెద్ద స్టీలు గిన్నెతోనే ఆఫీసుకు మోసుకెళ్ళాలి. పెద్దసారు ఎదుట తెల్లగుడ్డను అందులో ముంచి, సబ్బు పెట్టి ఉతికి, రంగు పోలేదని చూపించాలి. అంతే. రంగు పోయిందా, ఆఫీసులో మాస్టారి ప్రయోగాల గది పోతుంది. పొట్టు బస్తాలన్నీ చెత్తబండి ఎక్కించి, ఆ గదిని తూకాల విభాగానికి ఇచ్చేస్తామని పెద్దసారు ముందే చెప్పి ఉంచారు.

నిజానికి ఆయన మాస్టారు కాదు, పరిశోధకుడు. కనబడిన వాడినల్లా నిలబెట్టి హేజల్‌నట్ పొట్టు గురించి పాఠం చెబుతాడు గనుక ఆ పేరు పడింది. హేజల్‌నట్ అంటే చాక్లెట్లలో వేసే గింజ. వేయించి రుద్దితే ఉల్లిపొర లాంటి పొట్టు గలగలా రాలుతుంది. ఫ్యాక్టరీవాళ్ళు గింజ ఉంచుకుని పొట్టు పారబోస్తారు. పారబోసేదాంట్లోనే పస ఉందని మాస్టారి నమ్మకం. అందులో పీచు ఉంది, నూనె చెడకుండా కాపాడే గుణం ఉంది. అన్నిటికీ మించి వగరు ఉంది, ఆ వగరు గుడ్డకు చక్కని రంగు ఎక్కిస్తుంది. ఎక్కిన రంగు ఒక్క ఉతుకుతో దిగిపోవడమే వచ్చిన చిక్కు. ఈసారి పొట్టు రెట్టింపు వేస్తే నిలుస్తుందేమోనని ఆయన ఆశ. మాస్టారు ఊక దంచుతున్నాడని తూకాలవాళ్ళు నవ్వేవారు. ఊక కాదు, పొట్టు అని ఆయన ఓపిగ్గా సరిదిద్దేవాడు.

ఆయన పనిలో ఒక నియమం ఉంది. పొట్టునీళ్ళు గాజులోనో స్టీలులోనో తప్ప పోయకూడదు. ఆ గిన్నెను కూడా కడిగిందే కడగాలి. ఇంకే లోహపు మైలా అంటకూడదు. ఇంట్లోవాళ్ళు ఆ గిన్నెను తాకాలంటేనే జంకేవారు.

ఆ వారం మరో బరువు కూడా ఆయన నెత్తినే పడింది. ఆఫీసులో తెల్లకోట్లు వంతులవారీగా ఒక్కొక్కరి ఇంటికి వెళ్ళి ఉతుక్కుని వస్తాయి. ఈసారి వంతు మాస్టారిది. మూటలో పెద్దసారు కొత్త కోటు ఉంది, జేబు మీద నీలిదారంతో హోదా కుట్టించుకున్నది.

పొట్టు ఉడికింది. గిన్నె దించి మాస్టారు అద్దం ముందు నిలబడి ఉపన్యాసం వల్లె వేయసాగాడు. కోట్లు ఉతకడానికి వేణ్ణీళ్ళు కాచాలని భార్య వచ్చింది. ఇంట్లో ఉన్న ఒక్క పెద్ద గిన్నెలోనూ పొట్టునీళ్ళే ఉన్నాయి. కాసేపు వేరేదాంట్లో పోయనా అని రెండుసార్లు అడిగింది. మాస్టారు ఉపన్యాసంలో మంచి పట్టు మీద ఉన్నాడు. "ఆఁ" అన్నాడు, అద్దంతో.

ఆవిడకు అది చాలు. పెరట్లో మొక్కలకు నీళ్ళు పోసే పాత ఇనప బకెట్ ఉంది. లోపలంతా తుప్పు పెచ్చులు కట్టింది. పొగలు కక్కుతున్న పొట్టునీళ్ళను అందులోకి వంపి, గిన్నె తోముకోవడానికి లోపలికి వెళ్ళింది.

అప్పుడు మాస్టారి అత్తగారు పెరట్లోకి వచ్చింది. బకెట్లో నల్లటి నీళ్ళు, పక్కన కోట్ల మూట. కూతురు నీలిమందు కలిపి, కోట్లు నానబెట్టడం మరిచిపోయిందనుకుంది. సగంలో వదిలేసిన పని చూస్తే ఆవిడకు చెయ్యి ఊరుకోదు. కోట్లన్నీ అందులో కుక్కి, కర్రతో అదిమి, హాయిగా కూర్చుంది.

ఉపన్యాసం ముగించి గిన్నె కోసం వచ్చిన మాస్టారికి అత్తగారి కర్ర చివర వానమబ్బు ఒకటి వేలాడుతూ కనిపించింది. దాని జేబు మీద నీలిదారం ఉంది. ఆయన బకెట్ దగ్గరికి పరుగెత్తాడు. అంతలోనే తేరుకుని నవ్వాడు.

"కంగారు పడకండి అత్తయ్యా. మన రంగు సంగతి నాకు తెలీదా? ఒక్క ఉతుకుతో పోతుంది."

జన్మలో మొదటిసారి తన రంగుకు నిలకడ లేనందుకు సంతోషించాడు. చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. ఉతికాడు. నురగ నల్లబడింది గానీ కోటు తెల్లబడలేదు. వేడినీళ్ళు పోసి ఉతికాడు. బండకేసి బాదాడు. బ్రష్షుకు పళ్ళు ఊడాయి, కోటుకు రంగు ఊడలేదు.

ఇంతలో ఫోను మోగింది. కోటు ఏదని పెద్దసారు. "ఇంకా ఆరలేదండీ" అని మాస్టారు నిజంలో ఓ ముక్క చెప్పాడు. ఫర్వాలేదు, దారే కదా, నేనే వచ్చి తీసుకుంటాను అన్నారాయన. గోరుచుట్టు మీద రోకటిపోటు. మాస్టారు మళ్ళీ ఉతుకుడు మొదలుపెట్టాడు, ఈసారి ఏడుస్తూ. పెద్దసారు పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడిన సంగతి కూడా ఆయనకు తెలియలేదు.

"పోవట్లేదే! చచ్చినా పోవట్లేదే!" అంటున్నాడు భార్యతో.

అత్తగారు కర్ర పక్కన పెట్టింది. "ఇదేం చోద్యం అల్లుడుగారూ? ఇన్నాళ్ళూ రంగు నిలవట్లేదని అన్నం మానేశారు. ఇవాళ పోవట్లేదని ఏడుస్తున్నారు. అసలు మీకేం కావాలో ముందు తేల్చుకోండి."

మాస్టారి చేతిలో సబ్బు జారి పడింది. కోటు వంక చూశాడు. బకెట్ వంక చూశాడు. వేలితో లోపల గీరి, గోటికంటిన తుప్పును ఎండకు పట్టి చూశాడు. తర్వాత ఆ బకెట్‌ను అమాంతం కౌగిలించుకున్నాడు.

"ఇనుము! ఇనుమేనే! వగరు ఇనుమును పట్టుకుంది, రెండూ కలిసి నూలును పట్టుకున్నాయి. కడిగి కడిగి ఇన్నాళ్ళూ దాన్ని దగ్గరికి రానివ్వంది నేనే!"

అప్పుడు పెద్దసారు దగ్గారు. మరొకడైతే అక్కడే కూలబడేవాడు. మాస్టారికి ఒళ్ళు తెలిస్తే కదా. తడికోటు ఆయన చేతుల్లో పెట్టి, "ఉతకండి సార్, మీ చేత్తోనే ఉతికి చూడండి" అన్నాడు.

తన కొత్తకోటు అని గుర్తుపట్టాక పెద్దసారు ఉతికిన ఉతుకు ఏ ప్రయోగశాలలోనూ ఎవరూ ఉతికి ఉండరు. కోపమంతా చేతుల్లోకి వచ్చింది. చివరికి ఆయాసపడుతూ కోటును ఎత్తి చూశారు. మబ్బు మబ్బులాగే ఉంది.

"గది నీదే" అన్నారు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "ఆ బకెట్ మాత్రం కడగనివ్వకు" అన్నారు.

నవ్విన నాపచేనే పండింది. తూకాలవాళ్ళు ఇప్పుడు నవ్వడం మాని ఆ మబ్బురంగు కోట్లే వేసుకుని తిరుగుతున్నారు. తుప్పు బకెట్ ప్రయోగశాలలో గాజు బీరువా ఎక్కింది. మొక్కలకు నీళ్ళెలా పోయాలని అత్తగారు అడిగితే, మాస్టారు ఆ పెద్ద స్టీలు గిన్నె ఇచ్చేశాడు.

పొట్టు రంగు నిలపడం మీద పరిశోధన జోరుగా సాగుతోంది. పెద్దసారు కోటు తెల్లబరచడం మీద పరిశోధన మాత్రం, ఆయన ఎంత తొందరపెట్టినా, ఇంకా తొలిదశలోనే ఉంది.