ధర్మేందరన్న సభలో సగం మాట

"మోసపోయి పరాయి దేశంలో అమ్ముడుపోయిన ఆడబిడ్డ మీద ఒక్క కేసున్నా, గది నా మీద ఉన్నట్టే!" అని పార్టీ డివిజన్ అధ్యక్షుడు ధర్మేందర్ దిల్‌సుఖ్‌నగర్ నడిబొడ్డున ప్రకటించాడు. ఆయన మీద ముందునుంచీ ఉన్న కేసుల సంగతి విలేకరులెవరూ అడగలేదు. అప్పుడే బిర్యానీ వచ్చింది మరి.

వెనక నిలబడ్డ కొండల్ కళ్లు చెమర్చాయి. అన్న ఏం మాట్లాడినా కొండల్ కళ్లు చెమరుస్తాయి. ఫ్లెక్సీలు, దండలు, జనం, కన్నీళ్లు అన్నీ అతని డిపార్టుమెంటే.

"అరే కొండల్, మనం పెట్టే సభకు ఒక బాధితురాలు కావాలె," అన్నాడు ధర్మేందర్ కారెక్కుతూ. "కేసున్న పిల్లనే తే. కేసు లేకుంటే మనం ఏం కాపాడ్తం?"

కొండల్ గాలించి గాలించి వనస్థలిపురంలో సింధూరను పట్టుకున్నాడు. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంటు విమానం ఎక్కించాడట. దిగీ దిగగానే పాస్‌పోర్టు లాక్కుని ఓ బిల్డింగులో పెట్టి తాళం వేశారు. "మీ పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, నేను పోలీసుని" అంటూ మనవాళ్లకే తెలుగులో ఫోన్లు చేయించి దోచారు. చేయనంటే కరెంటు షాకు. ఎలాగో తప్పించుకుని ఇల్లు చేరితే, ఇక్కడి పోలీసులు సైబర్ మోసం కేసు పెట్టి లోపలేశారు. ఏజెంటు మాత్రం దొరకలేదు. ఇప్పుడు బెయిలు మీదుంది. బెదిరించి చేయించిన పనికి చట్టంలో రక్షణ ఉందని వకీలు చెప్పాడు. కాకపోతే, బెదిరించారన్న మాట ముందు ఎవరైనా వినాలిగా!

"సభలో చెబితే కేసు పోతుందంటావా బాబూ?" అంది తల్లి విజయదుర్గ. "ఈ కేసు పోకపోతే దీని బతుకు బుగ్గిపాలే."

"అన్న తల్సుకుంటే అయితదమ్మా. నువ్వు పరేషాన్ గాకు."

బాధితురాలి ముఖం బయట చూపించకూడదని కొండల్‌కు ఎవరో చెప్పారు. చట్టమంటే అతనికి భక్తి. అందుకని ఫ్లెక్సీలో సింధూర ముఖం ఉండాల్సిన చోట కూడా ధర్మేందర్ ముఖమే వేయించాడు.

సభ గడ్డిఅన్నారంలో, ఒక ఫంక్షన్ హాల్లో. ముఖ్య అతిథి, ఏదో కార్పొరేషన్‌కు చైర్మన్. ఆయనెంతకీ రాడు. జనం కుర్చీల్లోంచి లేస్తున్నారు. ముందు వరసలో బందోబస్తు ఎస్సై భిక్షపతి ఆవలిస్తున్నాడు.

"చెల్లె, ఇగ నువ్వు షురూ చెయ్యి," అన్నాడు ధర్మేందర్. "ఏడ్సుడు ఎన్కకు పెట్టు. ఫస్టు గా ఫోన్ల ముచ్చట చెప్పు. ఎట్ల మోసం చేసినవో చెప్తే జనం కూసుంటరు."

ముఖానికి చున్నీ చుట్టుకున్న సింధూర మైకు పట్టుకుంది.

"నమస్కారమండీ. నేను ఫోన్లు చేసి మనవాళ్లనే మోసం చేశాను. పోలీసునని చెప్పి భయపెట్టాను. ఒక రిటైర్డ్ మాస్టారు వద్దమ్మా అని ఏడ్చారు. అయినా వదల్లేదు. ఆయన కూతురి పెళ్లికి దాచుకున్నదంతా ఖాతాలో వేయించుకున్నాను."

లేచినవాళ్లు కూర్చున్నారు. భిక్షపతి ఆవలింత మానేసి ఫోను తీశాడు.

"ఎందుకు చేశానంటే..."

ధనాధన్ పటాకులు! డప్పులు! చైర్మన్ గారు విచ్చేశారు. మన సభల్లో ముఖ్య అతిథి వస్తే మాట్లాడేవాడు ఎంతవాడైనా నోరు మూసుకుని పక్కకు జరగాలి. మర్యాద అంటే అదే. మర్యాద తెలిసిన కొండల్ ఎవరూ చెప్పకుండానే వెళ్లి సింధూర చేతిలో మైకు తీసేసుకున్నాడు.

"మిగతాది తర్వాత, చెల్లె."

ధర్మేందర్ చైర్మన్‌కు దండ వేశాడు. చైర్మన్ ధర్మేందర్‌కు శాలువా కప్పాడు. ఇద్దరూ కలిసి సింధూరకు మరో శాలువా కప్పారు. వందన సమర్పణ అయిపోయింది.

"అన్నా, మిగతాది?" అంది సింధూర.

"తిన్నంక, చెల్లె."

తిన్నాక చూస్తే మైకువాడు మైకు విప్పుకుని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు భిక్షపతి స్వీటు డబ్బాతో ఎల్బీనగర్‌లో ధర్మేందర్ ఆఫీసుకొచ్చాడు.

"అన్నా, నువ్వు దేవునివి! ఆ సింధూర కేసుల మాకు సాక్ష్యమే లేకుండె. ఇగ కోర్టు కొట్టేస్తదనుకున్నం."

"నేనేం చేసిన?"

"మా ముంగట ఒప్పుకుంటే కోర్టుల చెల్లది. మీ అసుంటి పెద్దమనిషి ముంగట ఒప్పుకుంటే చెల్లుతది. ఎవ్వలు కొట్టలే, తిట్టలే, పైగ శాలువా కప్పిన్రు. నా ఫోన్ల వీడియో ఉన్నది. చార్జిషీట్ల నువ్వే ఒకటో నంబర్ సాక్షివి."

ధర్మేందర్ స్వీటు డబ్బా అందుకుని పక్కనే ఉన్న కొండల్‌కు ఇచ్చాడు.

"చైర్మన్‌ది ఎన్నో నంబరు?" అన్నాడు.

"ఆయన లేటుగ వచ్చిండు గదన్నా. ఆయన పేరే లేదు."

ధర్మేందర్ ఛాతీ ఉప్పొంగింది. "కొండల్, ఫ్లెక్సీ!"

"అన్నా, మరి ఆ పిల్ల..."

"ఏ పిల్ల?"

వాయిదా నాటికి ఎల్బీనగర్ చౌరస్తాలో మెట్రో పిల్లర్ పిల్లర్‌కూ ఫ్లెక్సీ వెలిసింది: 'ఒకటో నంబర్ సాక్షిగా ఎంపికైన బాధితుల బాంధవుడు ధర్మేందరన్నకు శుభాకాంక్షలు'. అన్న ఊరేగింపుగా కోర్టుకొచ్చాడు. మెట్ల దగ్గర తల్లి పక్కన నిలబడ్డ సింధూర కొండల్ చెయ్యి పట్టుకుంది.

"అన్నా, ధర్మేందరన్నతో ఒక్క మాట చెప్పించు. ఆ రోజు నేను ఆపలేదని, మీరే మైకు తీసుకున్నారని. ఆ ఒక్క మాటతో బతికిపోతాను."

కొండల్ పరిగెత్తి అన్న చెవిలో ఊదాడు. అన్న గంభీరంగా తలూపాడు.

బోనులో ధర్మేందర్ వీడియోలోని ముక్కలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

"అంతేనా? ఆ తర్వాత ఆమె ఏమీ చెప్పలేదా?" అని జడ్జి గారు అడిగారు.

"లేదు సార్. గాడికే ఆపింది."

"ఎందుకు ఆపింది?"

ధర్మేందర్ కొండల్ వైపు ఒకసారి చూసి, గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

"మా చైర్మన్ సారంటే ఆమెకు శాన గౌరవం సార్."

వెనక బెంచీలో ఎవరో చప్పట్లు కొట్టారు. కొట్టింది తనేనని కొండల్‌కు కాసేపటికి గానీ తెలియలేదు.