కొండ లేని ఊరి దీపాలు

చీకట్లో ఉండడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దీపం బాగుచేయడానికి మాత్రం లైసెన్సు ఉండాలి.

ఈ సంగతి ఏడుకొండలుకి పంతొమ్మిదేళ్లు ఆలస్యంగా తెలిసింది. అన్నేళ్లుగా కొల్లేటి గట్టునున్న తన ఊళ్లో వీధిలైట్లన్నీ అతనే బాగుచేస్తున్నాడు. (ఊరంతా ఆ నేరాన్ని చూస్తూ ఊరుకుంది.) లైసెన్సు లేనివాళ్లు స్తంభం ముట్టుకోరాదని వేసవిలో ఉత్తర్వు వచ్చింది. ఆ వారమే రేవు దగ్గరి లైటు పోయింది. తెల్లారకముందే రొయ్యల షెడ్డుకు వెళ్లే ఆడవాళ్లకు అదే దారి. వాళ్లలో అతని భార్య లక్ష్మీదుర్గ కూడా ఉంది.

అందుకే అతన్ని పరీక్షకు చదివించే పని ఆవిడ తీసుకుంది. అతను అన్నం తింటుంటే గైడు తెరిచి ప్రశ్నలడిగేది. ఆ గైడులో ఫ్యూజు పేరు ‘కరిగి రక్షించు తీగ’. ఫ్యూజు వేయడం ఏడుకొండలుకి నిమిషం పని, దాని పేరు నేర్చుకోవడానికి వారం పట్టింది.

‘దీపము ఆరిపోయినచో తీసుకొనవలసిన చర్యలు’ అనే పాఠం దగ్గర లక్ష్మీదుర్గ ఆగిపోయింది.

“కొండెక్కితే అనండి,” అంది.

“పుస్తకంలో అలా లేదే.”

“పుస్తకానికి పిల్లాపాపా లేరు. మనకున్నారు.”

రెండు నెలల్లో అతని నోట దీపాలన్నీ కొండెక్కాయి.

ఏలూరులో నోటి పరీక్ష. అడిగేవారు దీప నిర్వహణార్హతా నిర్ణయ మండలి ఉప అదనపు పరీక్షాధికారి నిత్యానందం గారు. (ఆయన ఎన్నడూ స్తంభం ఎక్కలేదు. పరీక్షించడానికి అది అడ్డు కాదని నిబంధన ఉంది.) వీధిదీపం మీద ఫిర్యాదు వస్తే మొదట ఏం చేస్తారని అడిగారు.

“దీపం కొండెక్కిందంటే ముందు సప్లై ఆపేస్తానండి.”

నిత్యానందం గారు కలం ఆపారు. “ఏ కొండండీ?”

పేరు అడుగుతున్నారనుకున్నాడు. “ఏడుకొండలండి.”

ఆయన జిల్లా పటం తెప్పించి, కొల్లేటి చుట్టూ స్కేలు పెట్టి వెతికారు. ఒక్క కొండా దొరకలేదు. ఏడుకొండలు కంగారుపడి, ఆరిపోయిందన్న మాట తమ ఇంట్లో అనరని విన్నవించుకున్నాడు.

“మా ఇంట్లోనూ అనమండి,” అన్నారాయన మెత్తగా. “ఇది ఆఫీసు కదండీ.”

సప్లై ఆపడం సరైన జవాబేనని ఒప్పుకుని, లేని కొండలు ఏడు చూపినందుకు ఫెయిల్ చేశారు. (కొండకొక మార్కు చొప్పున తగ్గించారు.) తణుకు నుంచి వచ్చిన ఒకాయన గైడు మొత్తం అప్పజెప్పి లైసెన్సు పట్టుకుపోయాడు. ఆయనకు ఎత్తంటే కళ్లు తిరుగుతాయట. సిలబస్‌లో ఎత్తు లేదు.

లైసెన్సు రాకపోయినా లక్ష్మీదుర్గ మాట మార్చుకోలేదు. రేవు దగ్గర దీపం కొండెక్కిందని, బాగుచేయించమని తనే మండలికి అర్జీ రాసింది. నెలకు జవాబు ఫోనుకొచ్చింది. షెడ్డుకు పోతూ, రేవు దగ్గర చీకట్లో నిలబడి చదువుకుంది:

‘విచారించడమైనది. మీ గ్రామమున కొండ లేదు. కావున దీపము వెలుగుచున్నది.’